వదిలేద్దామనుకున్న పాఠం

మా ఆయన పోయిన మరుసటి ఏడు నేను మదనపల్లె వదిలిపెట్టాను. బదిలీలప్పుడు అందరూ టౌనుకు దగ్గరగా ఉండే బళ్ళు కోరుకుంటుంటే, నేను రామకుప్పం అవతల అడవి అంచున ఉన్న హైస్కూలు కోరుకున్నాను. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీలో కూర్చునే హిందీ టీచరు నా చెయ్యి పట్టుకుంది.

"ఆడ ఏనుగులు తిరగతాయంట గదమ్మా. ఒంటరిగా ఏం పోతావు?"

"ఒంటరిగా ఉండేదానికి యాడైతే ఏముందిలే" అన్నాను.

ఆయనకు మదనపల్లెలో విత్తనాల అంగడి ఉండేది. కిడ్నీలు పాడై, చాలాకాలం డయాలసిస్ మీద బతికి, ఒక మధ్యాహ్నం ఆసుపత్రి మంచం మీదే కళ్ళు మూశాడు. మాకు పిల్లల్లేరు. సాయంత్రం బడి నుంచి వచ్చి తాళం తీసేటప్పుడు లోపల ఎవరూ లేరని ఒంటికి తెలిసేది. ముందు గదిలో ఇంకా ఆయన తెచ్చిపెట్టిన టమేటా విత్తనాల వాసన ఉండేది. ఆ వాసనలో ఒకదాన్నే అన్నం తినలేక బయటపడ్డాను. అంతకు మించి కారణం లేదు. పుంగనూరులో ఉన్న మా అక్క "నా దగ్గరికొచ్చి ఉండు" అని పోరింది. ఆమె సంసారంలో నేను దూరడం నాకు ఇష్టం లేకపోయింది.

కుప్పంలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. పొద్దున్నే బస్సు, బస్సు దిగాక షేర్ ఆటో. బడి చుట్టూ రాగి చేలు, వంకాయ తోటలు, వాటి వెనక గుట్టలు, గుట్టల వెనక అడవి. పిల్లల్లో సగంమంది ఇళ్ళల్లో అరవం, కొందరిళ్ళల్లో కన్నడం. బడికొస్తే అన్నీ కలిపి మాట్లాడేవాళ్ళు. చాలామంది తండ్రులు పొద్దున రైలెక్కి బెంగళూరు పనులకు పోయి, రాత్రి రైలుకు తిరిగొచ్చేవాళ్ళు. పొలం ఉన్నవాళ్ళు మాత్రం ఊళ్ళోనే ఉండి, పంట చేతికొచ్చే కాలంలో మంచెల మీద కాపలా కాసేవాళ్ళు.

నేను సైన్సు టీచరుని. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు నావి.

ఎనిమిదో తరగతిలో కిటికీ పక్క బెంచీలో ఒక పిల్ల కూర్చునేది. చెయ్యెత్తడం ఆలస్యం, నేను పిలవకముందే లేచి నిలబడేది. ఒకరోజు టిఫిన్ డబ్బాలో పుల్లపురుగు పట్టుకొచ్చింది. డబ్బా మూత తీస్తే అందులో ఎండుపుల్ల తప్ప ఇంకేమీ కనపడలేదు. పుల్ల కదిలాక వెనక బెంచీవాళ్ళు కేకలు పెట్టారు.

"ఇది పుల్ల మాదిరి ఉండి పిట్టల్ని మోసం చేస్తాండాది టీచర్" అంది. "పుల్ల మాదిరి కావల్లని ఇదే అనుకొనిందా?"

జీవపరిణామం గురించి ఎక్కడ మొదలుపెట్టాలా అని నేను ఆలోచిస్తున్న వారం అది. అంతకంటే మంచి మొదలు ఇంకెక్కడ దొరుకుతుంది?

"అది ఏమీ అనుకోలేదమ్మా" అన్నాను. "శానా కాలం కింద దీని తాతముత్తాతల్లో కొన్ని కొంచెం పుల్ల మాదిరి ఉన్నాయి, కొన్ని లేవు. లేనివాటిని పిట్టలు తినేసినాయి. ఉన్నవి మిగిలి పిల్లల్ని పెట్టినాయి. ఆ పిల్లల్లోనూ ఇంకా బాగా పుల్ల మాదిరి ఉన్నవే మిగిలినాయి. అట్లా జరగతా జరగతా ఇప్పుడు ఇదిగో, ఇట్లుండాది."

ఆ పిల్ల డబ్బాను కళ్ళ దగ్గరికి ఎత్తి చూసింది.

"అంటే మిగిలినవి మంచివని కాదు. దొరకలేదు, అంతే" అంది.

పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసినదాన్ని ఆ పిల్ల ఇంత చిన్న మాటలో చెప్పిందే అనుకున్నాను. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చాలా నెలల తర్వాత, ఇంటికి పోయి ఎవరికైనా ఈ మాట చెప్పాలనిపించింది. చెప్పడానికి మనిషి లేడని గుర్తొచ్చేసరికి కుప్పం వచ్చేసింది.

మరుసటి రోజు పుంగనూరు ఆవు కథ చెప్పాను. ఆ పొట్టి ఆవుల్ని నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని. మా పుట్టింట్లోనే ఒకటి ఉండేది. దాని వీపు నా నడుముకు వచ్చేది. వానల్లేని చోట, గడ్డి చాలని చోట, తక్కువ తిని పాలిచ్చే ఆవునే రైతు ఉంచుకుంటాడు, దాని దూడనే పెంచుకుంటాడు. తరాలు గడిచేసరికి జాతే పొట్టిదైపోతుంది. అక్కడ ఏరింది మనిషి, పుల్లపురుగు దగ్గర ఏరింది పిట్ట, అని చెప్పాను. పెద్ద పెద్ద ఇళ్ళ హాళ్ళల్లో బొచ్చుకుక్కపిల్లల్లాగా తిరిగే పుంగనూరు దూడల వీడియోలు పిల్లలందరూ ఫోన్లలో చూసినవాళ్ళే. క్లాసంతా గోల గోలగా నవ్వారు. ఆ తర్వాత కోతులు, మనుషుల దాకా వచ్చాం.

రెండు రోజులకు ఆ పిల్ల వాళ్ళ నాయన బడికొచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో రాగి కంకులు. నేను వరండాలో ఉంటే దూరంగానే నిలబడ్డాడు.

"అమ్మా, మా పాప ఇంటికొచ్చి మనం కోతుల్నించి వచ్చినామని చెప్తాండాది. మా యత్తకు దాని మింద ఒకటే కోపం. మీరు చెప్పినారంటే నిజమే అయ్యుంటాది గానీ, ఒకసారి అడిగిపోదామని వచ్చినా."

గొడవ పెట్టుకోవడానికి రాలేదని ఆయన మొహంలోనే తెలిసింది. తెలుసుకుందామనే వచ్చాడు.

"కోతుల్నించి కాదప్పా" అన్నాను. "కోతులకూ మనకూ ముత్తాత ఒకడే. ఆయన సంతానం ఒకటి అట్ల పోయింది, ఒకటి ఇట్ల వచ్చింది."

ఆయన తువ్వాలు సర్దుకుని ఆలోచించాడు. తర్వాత పెద్దగా నవ్వాడు.

"అట్లయితే కోతి మాకు దాయాదన్న మాట! అందుకే సెనిక్కాయ చేలోకి వచ్చి వాటా అడగతాండాది!"

నేనూ నవ్వాను. మదనపల్లె వదిలాక అంత నవ్వు నవ్వడం అదే మొదలు.

"ఏనుగో అమ్మా? అదీ దాయాదేనా?"

"అదీ దాయాదే. శానా దూరపు దాయాది."

"దూరపు దాయాదితోనే తగువెక్కువ" అని, రాగి కంకులు నా చేతికిచ్చి, "ఇంకా పచ్చివి. కాల్చుకోని తినండి, బాగుంటాయి" అని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర ఆగి ఒకసారి క్లాసు కిటికీ వైపు చూశాడు. కూతురు చెయ్యూపింది. ఆయన చెయ్యూపలేదు, పాఠం విను అన్నట్టు వేలు చూపించి పోయాడు.

ఆయన్ని బతికుండగా నేను చూసింది ఆ ఒక్కసారే.

రాగి కోతలకు వచ్చే కాలంలో ఏనుగులు దిగాయి. ప్రతి ఏడూ దిగుతాయని, ఈ ఏడు మంద పెద్దదని పిల్లలు చెప్పుకున్నారు. సాయంత్రమైతే గుట్టల వైపు నుంచి టపాకాయల చప్పుడు, డబ్బాలు వాయించే చప్పుడు. పొద్దున బడికొచ్చే పిల్లల కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉండేవి. ఎవరి చేను పోయిందో, ఎవరి అరటి తోట పోయిందో ప్రేయర్ కంటే ముందు ఆ మాటలే.

ఒక పొద్దున నేను ఆటో దిగేసరికి గేటు దగ్గర హెడ్‌మాస్టరు నిలబడి ఉన్నాడు. పిల్లల్ని లోపలికి పంపకుండా తిప్పి పంపిస్తున్నాడు.

"తెల్లారుజామున జరిగిందంట" అన్నాడు. "మంచె దిగి ఇంటికి వస్తాంటే, దోవలో ఎదురుపడింది. మంద నుంచి విడిపోయిన ఏనుగంట. మీ ఎనిమిదో క్లాసు పాప వాళ్ళ నాయనే."

నేను గేటు కమ్మీ పట్టుకున్నాను.

మధ్యాహ్నానికి కుప్పం ఆసుపత్రి నుంచి శవాన్ని తెచ్చారు. టీచర్లమంతా వెళ్ళాం. ఇంటి ముందు జనం. ఒక పక్క అటవీ శాఖ వాళ్ళను చుట్టుముట్టి ఊరివాళ్ళు అరుస్తున్నారు. "మీ ఏనుగుల్ని మీరు కట్టేసుకోండి, లేదంటే మేమే సూసుకుంటాము" అని ఒకాయన గొంతు బొంగురుపోయేలా అరుస్తున్నాడు. ఆ ఉద్యోగుల్లో ఒక కుర్రవాడు తలొంచుకుని నిలబడి ఉన్నాడు.

లోపల గోడకానుకుని వాళ్ళమ్మ కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగినట్టుంది. పక్కన నా పిల్ల. స్కూలు యూనిఫామ్ వేసుకుని ఉంది. పొద్దున బడికి తయారయ్యాక కబురొచ్చిందట. ఒక జడ వేసి ఉంది, ఇంకో వైపు జుట్టు విడిగానే ఉంది. నన్ను చూసి లేవబోయింది, టీచరు వస్తే లేవాలని అలవాటు. నేను భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి పక్కనే కూర్చున్నాను. ఆ పిల్ల ఏడవలేదు. గడప బయట ఆయన చెప్పులు విడిచిన చోటు వైపే చూస్తూ ఉంది.

నేనేమీ అనలేదు. నా భర్త పోయినప్పుడు వచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి అన్నారు. ఆయన కష్టం తీరిపోయిందన్నారు. దేవుడు మంచివాళ్ళనే తొందరగా తీసుకుపోతాడన్నారు. నువ్వు చదువుకున్నదానివి, ధైర్యంగా ఉండాలన్నారు. ఆ మాటలు ఒక్కటీ నాకు పనికిరాలేదు. హిందీ టీచరు మాత్రం ఏమీ అనకుండా వంటింట్లోకి పోయి, పేరుకుపోయిన గిన్నెలన్నీ కడిగి బోర్లించి వెళ్ళింది. అందుకే నేను కొంచెం సేపయ్యాక ఆ పిల్ల రెండో వైపు జుట్టు దువ్వి జడ వేశాను. నా చేతుల కింద తల కదలకుండా పెట్టుకుంది.

పెద్ద దినం కర్మలు అయ్యాక ఆ పిల్ల బడికొచ్చింది. అదే బెంచీ, అదే కిటికీ. చెయ్యెత్తడం మానేసింది. మిగతా పిల్లలు ఆమె రాగానే మాటలు ఆపేసేవాళ్ళు. మధ్యాహ్న భోజనంలో ఆమె పళ్ళెంలో గుడ్డు ముందుగా వేసేవాళ్ళు. ఆమెకు చోటిచ్చి, కొంచెం దూరంగా జరిగి కూర్చునేవాళ్ళు. అంతా ప్రేమే. ఆ ప్రేమ ఆమెను ఒంటరిదాన్ని చేస్తోందని చూస్తూనే ఉన్నాను.

పుస్తకంలో ఆ తర్వాతి పాఠం ఆవరణ వ్యవస్థ. అడవి బొమ్మ వేసి ఉంటుంది. గడ్డి, జింక, పులి, ఏనుగు, నీటి గుంట, వీటన్నిటినీ కలుపుతూ బాణం గుర్తులు. ప్రతి జీవికీ ఒక చోటుందని, ఏ జీవినీ తీసేయకూడదని చెప్పే పాఠం. ముందు రోజు గదిలో కూర్చుని ఆ పేజీ తెరిచాను. ఏనుగు బొమ్మ చాలా అందంగా ఉంది, పక్కనే గున్న ఏనుగు. ఆ పిల్ల ముందు నిలబడి, ఏనుగు అడవికి అవసరం అని నా నోటితో ఎలా చెప్పాలి? పుస్తకం మూసేశాను. మరుసటి రోజు క్లాసులో ఆ పాఠం దాటేసి, సూక్ష్మజీవుల పాఠం మొదలుపెట్టాను. పెరుగు ఎందుకు తోడుకుంటుందో, దోసెపిండి ఎందుకు పొంగుతుందో చెప్పాను. పిల్లలెవరూ అడగలేదు.

వారం గడిచింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పిల్ల స్టాఫ్ రూము తలుపు దగ్గరకొచ్చి నిలబడింది.

"టీచర్, ఒక పాఠం యాల ఇడిసిపెట్టినారు?"

ఏ పాఠమని అడిగే ధైర్యం చెయ్యలేదు నేను.

"తర్వాత చెప్దామని" అన్నాను.

"నాకోసమా?"

అబద్ధం చెప్పినా తెలిసిపోయే చూపు అది. "అవునమ్మా" అన్నాను.

ఆ పిల్ల తలుపు చెక్క మీద గోటితో గీస్తూ మాట్లాడింది. "అందురూ నన్ను సూస్తే మాటలు ఆపేస్తాండారు టీచర్. ఇంట్లో మా యమ్మ ముందర మా నాయన మాట ఎత్తకూడదు. ఈడికొస్తే నా ముందర ఏనుగు మాట ఎత్తకూడదు. ఇంగ మీరు గూడా పాఠం ఆపేస్తే, నేను యాడికి పోవల్ల?"

పక్కన లెక్కల టీచరు పేపర్లు దిద్దడం ఆపేసింది.

"రేపు చెప్తానమ్మా" అన్నాను.

రాత్రంతా ఆ పాఠాన్ని తిప్పి తిప్పి చూసుకుని వెళ్ళాను. బోర్డు మీద బొమ్మ వేయకుండా పేర్లు మాత్రం రాశాను. గడ్డి, రాగి, మిడత, కప్ప, పాము, గద్ద, జింక, ఏనుగు, వాటి మధ్య గీతలు. ఎవరు ఎవరిని తింటారో పిల్లలే చెబుతుంటే గీతలు గీసుకుంటూ పోయాను. ఏనుగు దగ్గరికి వచ్చాం. వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు ఉండబట్టలేక అనేశాడు.

"ఏనుగులన్నిట్నీ సంపేయాల టీచర్."

అందరూ ఆ పిల్ల వైపు చూశారు. ఆమె లేచి నిలబడింది. అన్నాళ్ళ తర్వాత, చెయ్యెత్తి.

"ఏనుగులు లేకపోతే అడివికి ఏమైతాది టీచర్?"

ఉన్నదున్నట్టు చెప్పాను. ఏనుగు తిన్న కాయల గింజలు పేడలో పడి దూరదూరంగా మొలుస్తాయి. అది నడిచిన దోవలోనే మిగతా జంతువులు నీళ్ళకు పోతాయి. ఎండాకాలంలో అది కాలితో తవ్విన గుంటలో ఊరిన నీళ్ళు చిన్నవాటికి దక్కుతాయి. ఏనుగు లేకపోతే అడవి వెంటనే చచ్చిపోదు, కానీ మెల్లగా తగ్గిపోతుంది. అడవి తగ్గితే వాన తగ్గుతుంది, గుట్ట మీది నీళ్ళు చెరువుకు రావు. అది ఊళ్ళోకి దిగడం కూడా అడవి తగ్గిపోయి, దాని దోవలో మన చేలు వచ్చినందుకేనని చెప్పాను.

"సరే టీచర్" అంది. కూర్చోలేదు. బోర్డు వైపు చూపించింది. "ఈ గీతల్లో మా నాయన యాడుండాడు?"

నేను చాక్‌పీసు తీసుకుని, రాగి పక్కన 'మనిషి' అని రాసి, రెంటికీ మధ్య గీత గీశాను.

ఆ పిల్ల దాన్ని చదివింది.

"అది మనిషి టీచర్" అంది. "మా నాయన గాదు."

ఎన్నో ఏళ్ళు సైన్సు చెప్పాను. ఒక జాతి పోతే ఏమవుతుందో చెప్పగలను. జాతిలో ఒకడు పోతే ప్రకృతికి తెలియను కూడా తెలియదు. నా చదువంతా ఆ ఒక్కడిని లెక్కలోకి తీసుకోదు. మదనపల్లెలో మా ఆయన మంచం పక్కన కూర్చున్న రోజుల్లో ఆ సంగతి నాకు ఎప్పుడో తెలిసింది, పిల్లల ముందు ఎప్పుడూ అనలేదు.

చాక్‌పీసు బల్ల మీద పెట్టి, నేనూ ముందు బెంచీ చివర కూర్చున్నాను.

"నిజమేనమ్మా, మీ నాయన ఈ బోర్డు మీద లేడు" అన్నాను. "ఈ పాఠంలో ఎవురి నాయనా ఉండడు. మా ఇంటాయన గూడా లేడు. ఆయన పోయి రెండేండ్లు కావస్తాండాది. సైన్సులో ఆయన కోసం నేనూ ఎతికినా. దొరకలేదు."

నా భర్త గురించి ఆ బళ్ళో ఎవరికీ చెప్పి ఉండలేదు. పిల్లలు బిత్తరపోయి చూశారు. ముందు బెంచీలోని చిన్నపిల్ల నా చీర కొంగు మీద చెయ్యి వేసి తీసేసింది. ఏనుగులన్నిట్నీ సంపేయాలన్న పిల్లవాడు తలొంచుకుని బెంచీ మీద వేలితో ఏదో రాసుకుంటున్నాడు.

"ఆయనకు ఏమైంది టీచర్?" అని నా పిల్ల అడిగింది.

చెప్పాను. అంగడి సంగతి, డయాలసిస్ సంగతి, ఆయనకు టమేటా పప్పు ఇష్టమని, చివరి రోజుల్లో అది తినకూడదన్నారని. ఆ తర్వాత ఆమె మొదలుపెట్టింది. వాళ్ళ నాయన మంచె మీద నుంచి పాటలు పాడేవాడని, పాట బాగుండదని, అది విని ఏనుగులు పారిపోతాయని ఎగతాళి చేసేదాన్నని చెప్పింది. కోతి మన దాయాదని ఊరంతా చెప్పుకుని తిరిగాడని చెప్పింది. పిల్లలు మెల్లగా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

ఆ రోజు నుంచి ఆమె మళ్ళీ చెయ్యెత్తుతుందనుకున్నాను. కొన్నాళ్ళు ఎత్తింది కూడా. మిగతావాళ్ళు ఆమె ముందు మామూలుగా మాట్లాడడం మొదలుపెట్టారు.

కానీ ఇంట్లో వాళ్ళమ్మకు మనసు కుదరలేదు. చేను వైపు పోలేకపోయింది. ఎక్కడ కొమ్మ విరిగిన చప్పుడైనా ఉలిక్కిపడి లేచి కూర్చునేదట. మిగిలిన రాగి కొయ్యనే లేదు, అట్లాగే రాలిపోయింది. ఎండాకాలం సెలవులకు ముందు, తల్లీకూతుళ్ళిద్దరూ తల్లి పుట్టింటికి పోతున్నారని తెలిసింది. పుట్టిల్లు రామసముద్రం పక్క పల్లె. అక్కడ టమేటా నారు పెంచే నర్సరీలో పని ఉందని ఆమె అన్న కబురు పంపాడు.

నేను కుప్పంలో ఆడపిల్లల హాస్టలు బడి చుట్టూ తిరిగి, ఆ పిల్లకు సీటు ఇస్తామన్న మాట తీసుకున్నాను. ఇంటికి పోయి చెప్పాను. వాళ్ళమ్మ ఒప్పుకుంది.

"సదువుకోనీయండమ్మా. నాతో వచ్చి అదేం జేస్తాది" అని కళ్ళు తుడుచుకుంది.

ఒప్పుకోనిది పిల్లే. నన్ను సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చి చెప్పింది.

"మా యమ్మ ఒక్కతే పండుకోలేదు టీచర్. సెయ్యి పట్టుకోవల్ల. హాస్టలుకు పోతే ఎవురు పట్టుకుంటారు?"

"మీ మామ వాళ్ళుంటారు గదమ్మా ఆడ."

"వాళ్ళుంటారు. సెయ్యి పట్టుకోరు."

ఆటో వచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాక, "ఆడ బళ్ళో చేరతాను టీచర్, మీరు దిగులు పడబాకండి" అంది.

చేరింది. నేను ఫోను చేసి కనుక్కున్నాను. వానాకాలం దాకా పోయింది. ఆ తర్వాత వాళ్ళ మామ ఫోను ఎత్తడం తగ్గించాడు. ఎత్తినప్పుడు "పోతాండాదమ్మా, అప్పుడప్పుడు పోతాండాది" అనేవాడు.

ఆ ఏడు రాగి కాలంలో మా బడి ఉన్న ఊళ్ళో ఇంకో సంగతి జరిగింది. ఒక గున్న ఏనుగు, మందతో చేలు దాటుతూ, కిందికి వేలాడుతున్న కరెంటు తీగ తగిలి చచ్చిపోయింది. తెల్లారాక ఊరంతా చేరింది. ఏడాది కిందట ఏనుగుల్ని కట్టేసుకోమని అరిచిన ఊరే అది. ఆడవాళ్ళు దాని నుదుటికి పసుపు కుంకుమ పెట్టారు, కొబ్బరికాయలు కొట్టారు. ఒక ముసలామె దాని చెవి మీద వాలిన ఈగల్ని కొంగుతో తోలుతూ కూర్చుంది. పిల్లల్ని వెంటబెట్టుకుని నేనూ పోయాను. దాని కనురెప్పల వెంట్రుకలు చాలా పొడుగ్గా ఉన్నాయి.

ఆ చలికాలమే మదనపల్లె ఇల్లు అమ్మడానికి పోవాల్సొచ్చింది. సామాను సర్దడానికి పుంగనూరు నుంచి అక్క వచ్చింది. ముందు గదిలో విత్తనాల వాసన పోయింది. అది పోయినందుకు కూడా ఏడ్చాను. మరుసటి పొద్దున అక్కకు చెప్పి రామసముద్రం బస్సెక్కాను.

నర్సరీ రోడ్డు పక్కనే ఉంది. పచ్చటి వల కప్పిన పొడవాటి షెడ్డు, లోపల ట్రేలలో వేలికంటే చిన్న టమేటా మొలకలు. ఆ పిల్ల వంగి, మొలవని గుంతల్లో కొత్త విత్తనాలు పెడుతోంది. పొడుగైంది, వాళ్ళ నాయన పొడుగు. నన్ను చూసి లేచి నిలబడింది.

"టీచర్!"

పక్కనే నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చున్నాం. బడి సంగతి నేను అడగకముందే చెప్పేసింది. అమ్మకు ఒంట్లో బాగుండటం లేదని, ఇద్దరూ పని చేస్తే తప్ప కుదరదని, వచ్చే ఏడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాస్తానని. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. ఊరి సంగతులడిగింది. ఎవరికి పెళ్ళైంది, ఎవరు పాసయ్యారు అన్నీ చెప్పాను. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, గున్న సంగతి కూడా చెప్పాను. దాచితే ఆమెకు నచ్చదని నాకు తెలుసు.

ఆమె చేతులకంటిన మట్టి దులుపుకోవడం ఆపేసింది.

"శానా సిన్నదా?"

"చిన్నదేనమ్మా."

"దాని యమ్మ ఉన్నిందా ఆడ?"

"ఉన్నిందంట. జనాలు వచ్చిందాకా దాని పక్కనే నిలబడిందంట. తొండంతో లేపతా ఉన్నిందంట. టపాకాయలు కాలిస్తే గానీ పోలేదంట."

ఆ పిల్ల మొహం ముడుచుకుపోయింది. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. మట్టి చేతులు. వాళ్ళ నాయన శవం ముందు ఏడవని పిల్ల, జడ వేస్తుంటే కదలని పిల్ల, నీళ్ళ తొట్టి గట్టు మీద భుజాలు ఎగసెగసి పడేలా ఏడ్చింది. నేను దగ్గరికి తీసుకున్నాను. షెడ్డు అవతలి చివర నుంచి వాళ్ళమ్మ పరుగెత్తుకుని వచ్చింది.

"ఏమైందమ్మే? యాల ఏడుస్తాండావు?"

"ఏమీ లేదుమా" అంది పిల్ల వెక్కుతూ. "నాయన గుర్తొచ్చినాడు."

ఆ మాట ఆ ఇంట్లో ఎప్పటి నుంచి ఎవరూ అనలేదో. వాళ్ళమ్మ కూతురి పక్కన నేల మీద కూలబడి, ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఇద్దరూ కలిసి ఏడుస్తుంటే నేను లేచి పక్కకు పోయి, షెడ్డు గుంజకానుకుని నిలబడ్డాను. పని చేసే మిగతా ఆడవాళ్ళు తలెత్తి చూసి, మళ్ళీ ట్రేల మీదికి వంగారు.

వచ్చేటప్పుడు ఇద్దరూ రోడ్డు దాకా వచ్చారు. వాళ్ళమ్మ ఒక ట్రేలో నుంచి నాలుగు మొలకలు కాగితంలో చుట్టి ఇచ్చింది. పదో తరగతి పుస్తకాలు పంపిస్తానన్నాను. పిల్ల తలూపింది.

పుస్తకాలు పంపాను. అందాయని వాళ్ళ మామ చెప్పాడు. కానీ ఆ ఏడు ఆమె పరీక్ష కట్టలేదు. ఆ తర్వాతి ఏడు కూడా కట్టలేదు.